సప్పుడు మాది, మాట ఎవరిది?

ఊరి చరిత్రను అక్షరం చేతిలో ఉన్నోళ్లు రాసుకున్నరు. గడి గురించి రాసిండ్రు, గుడి గురించి రాసిండ్రు, చెరువు కట్ట మీద రాయి పాతి రాజు పేరు చెక్కిండ్రు. సప్పుడు చరిత్రను మాత్రం ఎవరూ రాయలేదు. ఎందుకు రాస్తరు? సప్పుడు మా చేతిలో ఉండె. మా చేతిలో ఉన్నదేదీ వాళ్లకు చరిత్రగా కనబడదు. తోలు శుద్ధి చేసుడు చరిత్ర గాదు, చెప్పు కుట్టుడు చరిత్ర గాదు, డప్పు కొట్టుడు చరిత్ర గాదు.

తెలంగాణల ఏ ఊరికన్నా పోయి ముసలోళ్లను అడుగుండ్రి. రేడియో రాకముందు, మైకు రాకముందు, పేపరు రాకముందు ఊరికి కబురు చెప్పింది మాదిగ డప్పు. శిస్తు కట్టే గడువు, తాసిల్దారు రాక, జాతర దినం, చెరువు తూము ఇడిచే పొద్దు, అన్నీ చాటింపే. చాటింపు వేసేటోడు వాడవాడ తిరిగిండు. కాని ఒక్కనాడన్నా తన కబురు చాటుకున్నడా? తన కూలి ఎగ్గొడితే అది చాటింపు గాదు. తన బిడ్డ జరమొచ్చి సచ్చిపోతే అది చాటింపు గాదు. తన వాడకు తాగే నీళ్లు లేకుంటే అదీ గాదు. చాటింపులో ప్రతి మాటా పటేలుది, పట్వారీది, దొరది. సప్పుడు మాది, మాట వాళ్లది. ఈ ఒక్క సంగతి పట్టుకొని నడిస్తే మా సప్పుడు చరిత్ర మొత్తం దొరుకుతదని నాకు ముప్పై ఏండ్ల మైకు పనిలో అర్థమైంది.

నేను చర్లపల్లి మైకు పనోన్ని. ఇప్పటి పిల్లలు ‘సౌండ్ ఇంజనీరు’ అంటున్నరు, నాకు ఇంజనీరు పట్టా ఏం లేదు. కడుపు కోసం పెండ్లిళ్లకు, పార్టీ సభలకు పైసలు తీసుకొని చేసిన. అంబేడ్కర్ జయంతులకు, దండోరా సభలకు, ధూంధాంలకు, బస్తీ పాటగాళ్ల రికార్డింగులకు పైస తీసుకోకుండ చేసిన. ఈ రెంటి నడుమ ఒక ప్రశ్న నన్ను ఎన్నడూ ఇడువలేదు. మా తాత కూడా పైస లేకుండనే డప్పు కొట్టిండు. దాని పేరు వెట్టి. నేను పైస లేకుండ చేసేదాని పేరు స్వచ్ఛంద సేవ. ఈ రెంటికి తేడా ఏంది?

మా తాతది భువనగిరి దిక్కు ఊరు. పెండ్లికి ఆయనే, సావుకు ఆయనే, జాతరకు ఆయనే. దొర ఇంట్ల సావైతే రెండు రాత్రులు తెల్లందాక కొట్టాలె. పంటల కాడ కల్లంలో ఇంత గింజలు పెడ్తరు, అదీ ఇచ్చేటోని దయ. రానంటే రేపు ఊర్ల పని దొరకదు, బాట మీద నడువనియ్యరు. ఊరు దాన్ని ‘ఆచారం’ అంటది.

కాని ఆ పనిలో ఉన్న తెలివిని చూడుండ్రి. కర్రను చక్రంగ వంచాలె. తోలును సున్నం నీళ్లల్ల నానబెట్టి బూరు తీయాలె. చింతగింజల జిగురు పెట్టి, చక్రానికి బిగ్గున గుంజి ఎండబెట్టాలె. వానాకాలం గాలిలో తేమకు తోలు మెత్తబడ్తది, సప్పుడు కుంగుతది. గడ్డి మంట మీద కాపితే తేమ పోయి తోలు బిగుసుకుంటది, సప్పుడు పైకి లేస్తది. ఎంత కాపాలె అన్నది ఏ గడియారమూ చెప్పదు, చెవి చెప్తది. రవ్వంత ఎక్కువైతే తోలు పగుల్తది. కుడిచేతి సిర్రకు ఒక సప్పుడు, ఎడమచేతి సిటికెన పుల్లకు ఒక సప్పుడు. మా తాత బడి ముఖం చూడలేదు. కాని తేమకు, వేడికి, తోలు బిగువుకు, శృతికి ఉన్న సంబంధం ఆయన వేళ్లకు తెలుసు. దాన్ని పుస్తకంలో రాసి పరీక్ష పెడితే ధ్వనిశాస్త్రం అంటరు. మాదిగోడు చేస్తే కులవృత్తి అంటరు.

వెట్టిని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది. 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది. పొలంలో పాలేరు గురించి ఆ చట్టం కింద కేసులు పెట్టొచ్చు. దొర సావుకు డప్పు కొట్టించుకున్నోని మీద కేసు పెట్టుడు ఎవరికీ తోచలేదు. సప్పుడును శ్రమ అని లెక్కగట్టినోడు లేడు గనుక.

మాట మాది చేసుకుందామని పట్నంలో మొదలువెట్టినోళ్లు ఉన్నరు. హైదరాబాదులో మాల ఇంట్ల పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి పెట్టిండు. హరికథలతో బస్తీలకు పోయి మాల మాదిగలకు చైతన్యం చెప్పించిండు. మైకు లేదు, కరెంటు లేదు. గొంతు, తాళం ఉన్నయి. హరికథ అప్పటిదాకా ఎవరి సొత్తో మీకు తెలుసు. ఆయన సొంత సప్పుడును, సొంత మాటను ఒక్క చోటికి తెచ్చిండు. నిజాం రాజ్యంలో సభ పెట్టుడు అంత సులువు గాదు. గష్తీ నిషాన్ 53 అని ఒక ఫర్మానా ఉండె. సర్కారు అనుమతి లేనిది నలుగురు కూడి సభ చేయరాదు. నలభై ఏండ్లుగా ‘మైకు పర్మిషన్’ కోసం ఠాణాల చుట్టూ తిరిగే మన పిల్లలకు ఈ పాత కాగితం కొత్తగా అనిపించదు.

1935లో హైదరాబాదుకు నిజాం సర్కారు రేడియో వచ్చింది. దక్కన్ రేడియో అన్నరు. ఉర్దూదే పెద్దపీట. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియో అయింది. రాజు పోయిండు, భాష మారింది, మాట్లాడేటోడు మారలే. రేడియోలో వచ్చే తెలుగు మా ఇంట్ల తెలుగు గాదు. మా అమ్మ మాట్లాడేది యాస, వాళ్లు మాట్లాడేది భాష. ‘కార్మికుల కార్యక్రమం’ వచ్చేది, ‘పాడి పంటలు’ వచ్చేది. వాటిలో మేము ఉన్నం, వినేటోళ్లుగా ఉన్నం. గుర్రం జాషువా అంతటి కవి 1957 నుంచి 1959 దాకా మద్రాసు ఆకాశవాణిలో పనిచేసిండు. అట్ల ఒకరిద్దరు లోపలికి పోయిండ్రు. కాని ఒకరిద్దరు లోపలికి పోవుడు వేరు, తలుపు తాళం చేతికి వచ్చుడు వేరు.

ఇగ చర్లపల్లి ముచ్చట. బయటోళ్లకు ఈ పేరు చెప్తే జైలు గుర్తొస్తది. ఇంకొందరికి ఆయిల్ కంపెనీల ట్యాంకర్లు గుర్తొస్తయి. 2025 జనవరిలో కొత్త రైల్వే టెర్మినల్ మొదలైనంక ఇప్పుడు స్టేషను గుర్తొస్తున్నది. మాకు గుర్తొచ్చేది సైరను. పారిశ్రామికవాడ ఫేజుల్ల షిఫ్టు సైరను కూస్తే మా బస్తీ లేచేది, కూస్తే పండుకునేది. మా నాయిన ఊర్ల డప్పు ఇడిచిపెట్టి ఇక్కడికొచ్చి ఒక కంపెనీలో హెల్పరుగా చేరిండు. “డప్పు సప్పుడుకు లేసినోన్ని సైరను సప్పుడుకు లేస్తున్న, రెండూ నావి గావు” అనేటోడు నవ్వుకుంట. పక్కనే 1967లో పెట్టిన ఇసిఐఎల్. దేశానికి ఇసి టీవీలు ఇచ్చిన కంపెనీ. చుట్టూ చిన్న చిన్న వర్క్‌షాపులు. అందుకే మా దిక్కు పిల్లలకు సోల్డరింగ్ వాసన చిన్నప్పటి సంది తెలుసు. నాచారంలో ఎన్టీ రామారావు 1970లల్ల కట్టించిన రామకృష్ణ స్టుడియో ఉండె. సినిమా సప్పుడు తయారయ్యే జాగకు, మా బస్తీకి నడుమ బస్సులో అరగంట దూరం లేదు. కాని మా దిక్కోడు ఆ గేటు లోపలికి పోవాలంటే సెట్టింగు మోసే కూలిగనే పోవాలె.

పదో తరగతి అయినంక నాచారం-ఉప్పల్ రోడ్డు మీద ఒక మైక్ సెట్ దుకాణంలో చేరిన. అదే నా కాలేజీ. హారన్ ఎక్కడ కట్టాలె, ఏ దిక్కు మలపాలె, గాలి ఎటు కొడ్తున్నది చూడాలె. రెండు మూడు ఫర్లాంగులు వైరు లాగాలంటే వంద వోల్టుల లైను మీద పెట్టాలె, ప్రతి హారన్‌కు ట్రాన్స్‌ఫార్మర్ బిగించాలె. లేకుంటే సగం పవరు వైరులనే వేడిగా పోతది. మైకు ముందు హారన్ పెడితే సీటీ కొడ్తది. ఎందుకు కొడ్తది? హారన్ల నుంచి వచ్చిన సప్పుడు మళ్లీ మైకులకు పోయి, మళ్లా హారన్ల నుంచి పెద్దదై వస్తది. తన మాట తానే వినుకుంట తిరిగితే ఏ మైకైనా కూతే పెడ్తది. ఈ దేశంలో పెద్ద కులాల సాహిత్యానికి కూడా ఇదే రోగం అని తర్వాత తర్వాత తెలిసింది.

ఆ దుకాణంలో స్తంభం ఎక్కే పిల్లలందరూ మా వాడలోళ్లు, పక్క వాడలోళ్లు. బిల్లు రాసేటోడు మాత్రం వేరే. ఒక ఊర్ల గుడి ఉత్సవానికి సెట్ తీసుకపోయినం. గర్భగుడి గడప దాకా వైరు పోవాలె, పూజారి మంత్రం మైకుల రావాలె. “మైకు ఇటియ్యి, నువ్వు ఆడనే ఉండు” అన్నరు. మైకు లోపలికి పోయింది. దాన్ని తుడిచి, వైరు అతికి, చేతికిచ్చిన నేను మెట్ల కాడ నిలబడ్డ. రెండు గంటలు మంత్రం నా ఆంప్లిఫయర్ల నుంచే ఊరంతా వినబడ్డది. మా తాత కాలంలో డప్పు గుడి ముందట కొట్టి గుడి బయట ఉన్నడు. నా కాలంలో వైరు గుడిలోకి పోయింది, నేను బయట ఉన్న. కరెంటుకు అంటు లేదు, కరెంటు పట్టిన చెయ్యికి అంటున్నది.

మా తరం చెవులు తెరిచింది రెండు నెత్తుటి దినాలు. 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. కారంచేడులో ఆరుగురిని, చుండూరులో ఎనిమిది మందిని చంపిండ్రు. పేపర్లు రాసిన దానికంటె ఎక్కువ మాకు క్యాసెట్టు చెప్పింది. కారంచేడు మీద గద్దర్ కట్టిన పాట చర్లపల్లి బస్తీకి పేపరుకంటె ముందే చేరింది. 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో గద్దర్ అజ్ఞాతం నుంచి బయటికొచ్చి పాడిననాడు లక్షల జనం కూడిండ్రు. ఆ పాటల క్యాసెట్లు మా దుకాణంలో రాత్రిపూట రెండు డెక్కుల టేపు రికార్డరు మీద కాపీ చేసేటోళ్లం. ఒకదాంట్ల నుంచి ఒకదాంట్లకు కాపీ చేసిన కొద్ది పాట వెనక ‘సూ’ అనే సప్పుడు పెరుగుతది. పదో చేతికి పోయేసరికి పాట కంటె ఆ సప్పుడే ఎక్కువ. అయినా జనం వినుకున్నరు. ఏ రేడియో స్టేషనూ ఇయ్యని మాట అందుల ఉన్నది గనుక. లైసెన్సు లేని మా మొదటి రేడియో ఆ క్యాసెట్టే.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. దానికి జనం పెట్టుకున్న పేరు దండోరా. ఆ పేరుల చరిత్ర ఉన్నది. వేల ఏండ్లు దొర మాట చాటిన డప్పు మొదటిసారి తన మాట తాను చాటుకున్నది. ముప్పై ఏండ్లకు, 2024 ఆగస్టు 1న, ఏడుగురు జడ్జిల సుప్రీంకోర్టు ధర్మాసనం ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో వర్గీకరణ చట్టం అమలైంది. ఆ డిమాండు మంచిచెడుల మీద మాల మాదిగ అన్నదమ్ముల నడుమ వాదం ఉన్నది, అది వేరే వ్యాసం. నేను చెప్పేది సప్పుడు సంగతి. డప్పు కొట్టుడు ఇడిచిపెడ్తేనే ఆత్మగౌరవం అని ఒక తరం అన్నది. మా నాయినది ఆ తరం, ఆయన అన్నది తప్పు గాదు. డప్పును సభ మధ్యకు తెచ్చి మన కోసం కొడ్తేనే ఆత్మగౌరవం అని తర్వాతి తరం అన్నది. రెంటికీ మూలం ఒకటే: ఎవరి కోసం కొడ్తున్నం, ఎవరి మాట చాటుతున్నం.

ఆ రోజుల్లనే ఉద్యమ సభలకు మైకు పెట్టుడు మొదలువెట్టిన. బస్తీలో మొదటి ఏప్రిల్ 14 సభకు ఠాణాలో మైకు పర్మిషన్ ఇయ్యలేదు. అదే వారం అదే రోడ్డు మీద వేరే ఊరేగింపుకు తెల్లందాక హారన్లు మోగినయి. 2000లో శబ్ద కాలుష్య నియమాలు వచ్చినయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్ స్పీకరు వద్దు, నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దు. నియమం మంచిదే, ముసలోళ్లకు, చదువుకునే పిల్లలకు నిద్ర కావాలె. కాని డెసిబెల్ కొలిచే మిషన్ చెప్పనిది ఒకటున్నది. ఎవరి సప్పుడు ‘భక్తి’, ఎవరి సప్పుడు ‘గోల’ అన్నది మిషన్ కొలువదు, మనిషే కొలుస్తడు.

మిక్సర్ దగ్గర కూర్చునేటోనికి కూడా ఆ కొలత ఉంటది. ఒక పెద్ద వేదిక కాడ పేరున్న సౌండ్ ఆయన మా డప్పు దళాన్ని చూసి, “వాటిని దూరం నిలబెట్టుండ్రి, బ్యాలెన్స్ చెడగొడ్తయి” అన్నడు. వెలివాడ మాట అది, మిక్సర్ భాషలో. మృదంగానికి రెండు మైకులు పెట్టేటోడు డప్పుకు మైకు అక్కర లేదంటడు. నేను నేర్చుకున్న పద్ధతి చెప్తా, పనికొస్తది. మైదానంలో పది డప్పులు మోగుతున్నయంటే వాటికి మైకు కంటె ముందు జాగ కావాలె. పాట పాడే మైకు ముందు నుంచి వచ్చేదాన్ని ఎక్కువ, వెనక నుంచి వచ్చేదాన్ని తక్కువ తీసుకుంటది. కాబట్టి డప్పులను ఆ మైకు వెనక దిక్కు పెట్టాలె. అట్ల పెడితే గొంతు గొంతుగా వస్తది, డప్పు డప్పుగా వస్తది. డప్పుకు మైకు పెడితే అడుగున్నర దూరం పెట్టి, తోలుకు ఎదురుగా గాకుండ కొంచెం ఏటవాలుగా మలపాలె. పుల్ల టకటకనే గాదు, తోలు నడిమి బరువు సప్పుడు కూడా రావాలె. హారన్లలో ఆ బరువు రాదు, పెద్ద బాక్సులు కావాలె. హారన్ల కాలమంతా మా డప్పు సగం సప్పుడే లోకానికి వినబడ్డది. మిగిలిన సగం ఆ హారన్ మూతిలోనే ఆగిపోయింది.

ఇప్పుడు వెట్టి ప్రశ్నకు వస్త. ఉద్యమంలో టెంటోనికి పైసలిస్తరు. ఫ్లెక్సీ కొట్టినోనికిస్తరు. బిర్యాని హోటలుకు ముందే అడ్వాన్సు ఇస్తరు. మైకు పిల్లగాని కాడికొచ్చేసరికి, “నువ్వు మనోడివే గదరా” అంటరు. రాత్రి పన్నెండు దాటినంక, నాయకుల కార్లు పోయినంక, వైరు చుట్టుకుంట కూసున్నోన్ని “తిన్నవా” అని అడిగినోళ్లు నా ముప్పై ఏండ్లలో కొద్దిమందే. వేదిక మీది నుంచి “ఏయ్ మైకూ, సౌండు పెంచు” అంటరు. మనిషికి పేరు పోయి వస్తువు పేరు వచ్చుడు మాకు కొత్త గాదు. కాని మన వేదిక మీద నుంచే ఆ పిలుపు వస్తే, ఊరు ఇడిచి ఎంత దూరం వచ్చినమో సోచాయించాలె.

ఒక జయంతి సభలో చందాదారుల జాబితా చదివిండ్రు. ఐదొందలు, వెయ్యి, రెండు వేలు. మైకులో చదివిండ్రు, నేను పెట్టిన మైకులో. రెండు రాత్రులు పనిచేసిన ముగ్గురు పిల్లల పేర్లు అందుల లేవు. తెల్లారి సంఘం మీటింగుల నేను ఒకటే అడిగిన. మైకు కిరాయి బజారులో ఎంత ఉన్నదో అంత చందా పుస్తకంలో ఆ పిల్లల పేరు మీద రాయుండ్రి అన్న. “పైసలు అడుగుతున్నవా?” అన్నరు. “పైసలు గాదు, లెక్క అడుగుతున్న” అన్న. పెద్ద లొల్లి అయింది. ఒక పెద్దమనిషి లేచి, “వాడన్నది నిజం, మా నాయిన డప్పు కూడా ఎవరి లెక్కలో ఎక్కలేదు” అన్నడు. అప్పటి సంది మా బస్తీలో మైకు పని చందా కింద రాస్తరు, కరపత్రం మీద పేరు అచ్చేస్తరు.

కాబట్టి నాకు దొరికిన జవాబు ఇది. పైస లేకుండ పనిచేసుడు ఒక్కటే వెట్టి గాదు. వద్దనే హక్కు లేకుంటే వెట్టి. చాటే మాటలో మన పాలు లేకుంటే వెట్టి. చేసిన పని లెక్కలో ఎక్కకుంటే వెట్టి. ఈ మూడూ ఉంటే అది సేవ. ఒక్కటి తక్కువైనా, బ్యానరు మీద ఎవరి బొమ్మ ఉన్నా, అది పాత చాకిరే.

రేడియో సంగతి కూడా ఈ మూడు తూకపు రాళ్లతోనే తూచాలె. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. వ్యాజ్యం క్రికెట్ ఆట టీవీలో చూపించుడు గురించి. అయినా జస్టిస్ పి.బి.సావంత్, జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి అందుల రాసిన మాట పెద్దది: గాలి తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు సొత్తు గాదు. చెరువు నీళ్లు అందరివి అని మహద్‌లో బాబాసాహెబ్ 1927లో నిలబడ్డడు. గాలి అందరిది అని కోర్టు ఒప్పుకునేసరికి 1995 అయింది. ఒప్పుకున్నంక కూడా నీళ్లు ముందు ఎవరికి దొరికినయి? 2002లో సర్కారు చదువుల సంస్థలకే కమ్యూనిటీ రేడియో అన్నది. 2004లో మద్రాసు అన్నా యూనివర్సిటీలో మొదటిది వచ్చింది. 2006 నవంబరులో గాని స్వచ్ఛంద సంస్థలకు అవకాశం రాలేదు.

ఆ పదేండ్లు జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత ఆడోళ్లు ఊకె కూసోలేదు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్లు వాళ్లు. 1990ల చివర్లో యునెస్కో సాయంతో స్టుడియో తయారైంది. ప్రసారానికి లైసెన్సు లేదు. అయినా రికార్డు చేసిండ్రు. క్యాసెట్లు పట్టుకపోయి ఊరూర సంఘంలో వినిపించిండ్రు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి వచ్చింది. గ్రామీణ ప్రజల సంస్థ నడిపే రేడియోల్లో దేశంలో మొదటి వరుసది అది. దాన్ని నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ. ఇద్దరూ దళిత ఆడబిడ్డలు. జొన్న, సజ్జ, కొర్ర ఇత్తనాల ముచ్చట్లు, పసరు మందులు, పండుగ పాటలు, సంఘం పంచాయితీలు, అన్నీ వాళ్ల నోటి మాటలోనే.

నేను పోయి చూసిన. నాకు అక్కడ కొత్తగ కనబడ్డది మిషన్ గాదు. అసోంటి మిక్సర్లు నాకు ఎరుకే. మిక్సర్ గుండీ మీద ఉన్న చెయ్యి, మైకు ముందున్న నోరు ఒకే వాడవి. నా బతుకులో అప్పటిదాకా గుండీ కాడ మేము, నోటి కాడ వాళ్లు. ఇంకో సంగతి. రికార్డింగు కోసేటప్పుడు మేము ఏం చేస్తం? మాట నడుమ ఆగితే కోస్తం, ‘గదే గదా’ అంటే కోస్తం, దగ్గు వస్తే కోస్తం. శుభ్రమైన మాట అంటే రేడియో పంతులు మాట అని చెవికి నేర్పిండ్రు. ఆ ఆడోళ్ల మాటలో ఆగుడు ఉన్నది. ఆ ఆగుడులో ఆలోచన ఉన్నది. దాన్ని కోస్తే తప్పు తీసినట్టు గాదు, మనిషిని తీసినట్టు. కత్తెర పట్టినోని చెవి ఏ వాడదో అడుగాలె.

అట్లని అంతా గెలిచినం అనుకోవద్దు. కమ్యూనిటీ రేడియో నియమాలు చదువుండ్రి. పవరు సాధారణంగా వంద వాట్లు, టవరు ముప్పై మీటర్లు. అడిగే సంస్థకు మూడేండ్ల రిజిస్ట్రేషన్ ఉండాలె. కార్యక్రమాల్లో సగం అన్నా స్థానికంగా తయారు కావాలె, అది మంచి నియమం. 2012లో తరంగాల ఫీజును ఏడాదికి 19,700 నుంచి 91,000 రూపాయలకు పెంచిండ్రు. దేశమంతా చిన్న రేడియోలు కొట్లాడితే వెనక్కి తీసుకున్నరు. అన్నిటికంటె పెద్ద ఆంక్ష ఇది: సొంతంగ వార్తలు చెప్పొద్దు. ఆకాశవాణి వార్తలనే ఉన్నదున్నట్టు గాని, స్థానిక భాషలోకి మార్చి గాని చెప్పాలె. మా బస్తీలో మ్యాన్‌హోల్‌లో దిగి మనిషి సచ్చిపోతే, మా రేడియో ఉన్నా అది మా రేడియోలో వార్త గాదు. మా తాత చాటింపు గుర్తుకొస్తున్నదా? ఊరంతా తిరుగు, గట్టిగ కొట్టు, నీ కబురు మాత్రం చెప్పకు. డప్పు జాగలో ట్రాన్స్‌మిటర్ వచ్చింది, షరతు మాత్రం అదే.

తెలంగాణ ఉద్యమంలో ధూంధాంలు మా డప్పును నడిమిట్ల నిలబెట్టినయి. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. సాంస్కృతిక సారథి పేరు మీద 550 మంది కళాకారులకు ఉద్యోగాలు వచ్చినయి. బువ్వ దొరికింది, దాన్ని నేను చిన్నచూపు చూడను. ఎండకు వానకు పాడినోనికి నెల జీతం రావుడు గెలుపే. కాని పాట ఎక్కువ భాగం పథకాల పాట అయింది. జీతం వచ్చింది, లెక్కలో ఎక్కిండ్రు. మాట మళ్ల సర్కారు చేతికి పోయింది. మూడు రాళ్లలో ఒకటి వచ్చింది, ఒకటి పోయింది. గద్దర్ 2023 ఆగస్టు 6న, చుండూరు దినం నాడే, పోయిండు. ఆయన పాటల మీద పుస్తకాలు వచ్చినయి, ఇంకా వస్తయి. ఆ పాటలను లక్షల చెవులకు చేర్చిన మైకు పిల్లల పేర్లు ఏ క్యాసెట్టు అట్ట మీదా లేవు. మా చరిత్ర రాసేటోళ్లు కూడా మమ్మల్ని మరిచిపోతే ఇంకెవరు గుర్తువెట్టుకుంటరు?

చర్లపల్లిలో ఇప్పుడు ఆదివారాలు ఏడెనిమిది మంది పిల్లలు వస్తున్నరు. ఆడపిల్లలు కూడా ఉన్నరు. ఒక చిన్న మిక్సర్, నాలుగు మైకులు, ఒక పాత ల్యాప్‌టాప్. షిఫ్టుకు పోయే అమ్మల మాటలు, ముసలోళ్ల పాటలు రికార్డు చేసి ఫోన్లలో పంచుతున్నరు, మాచ్‌నూర్ ఆడోళ్లు లైసెన్సు రాకముందు క్యాసెట్లు పంచినట్టు. ఒకటే నియమం పెట్టిన. వైరు చుట్టేటోడు మైకు పట్టాలె, మైకు పట్టేటోడు వైరు చుట్టాలె. చెయ్యి ఒకరిది, నోరు ఒకరిది అయిన కాడనే కులం పుడ్తది.

విద్యార్థులకు, ఉద్యమ మిత్రులకు నేను అడిగేది ఎక్కువ లేదు. మీ సభకు మైకు పెట్టేటందుకు వచ్చిన పిల్లగాన్ని పేరుతో పిలువుండ్రి. వాని పని చందా పుస్తకంలో ఎక్కియ్యుండ్రి. రేడియో కోసం దరఖాస్తు పెట్టుకుంటే, కార్యక్రమాలు ఎంచే కమిటీలో వానికి కుర్చీ ఎయ్యుండ్రి. సొంత వార్త చెప్పే హక్కు కోసం కొట్లాడుండ్రి. ఇంకొకటి. సభ మొదలైనప్పుడు “హలో, మైక్ టెస్టింగ్” అని ఆ పిల్లగాడు రెండు ముక్కలు అంటడు. ఇన్నేండ్లూ మైకులో మాకు దక్కిన మాట ఆ రెండు ముక్కలే. ఈసారి ఆడికే ఆగమనకుండ్రి. పెద్దలను వేదిక మీదికి పిలిచే ముందు, ఆ మైకు వాని చేతిలో ఇంకో ఐదు నిమిషాలు ఉండనియ్యుండ్రి.